ముల్లు ఆగిన చోటు

"ఇంకోసారి నొక్కు," అన్నాడు భర్త.

"నొక్కింది కదరా. నొక్కినా లాభం లేదు," అంది అత్తగారు.

"నిటారుగా కూర్చో అమ్మాయ్. భుజాలు దించు. కడుపులోంచి లాగు," అన్నాడు మామగారు. బ్యాండు మాస్టారు ఆయన. ఇల్లు తగలబడుతున్నా ముందు భుజాలు దించమనే చెబుతాడు.

కోడలు ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పడానికి గాలి ఉండాలి కదా. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగిపోయింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా పిల్లి కూత వస్తోంది. నీలం ఇన్‌హేలర్ ఒళ్లో పడి ఉంది.

నేల మీద పాత దుప్పటి పరిచి, దాని నిండా బ్యాండు వాయిద్యాలు పేర్చి ఉన్నాయి. సగం తళతళలాడుతున్నాయి, సగం ఇంకా మసకగానే ఉన్నాయి. పెద్ద కార్యక్రమం ఏది ఒప్పుకున్నా ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఇత్తడికి పాలిష్ పట్టడం ఈ ఇంటి పద్ధతి. అదీ తలుపులూ కిటికీలూ బిడాయించుకుని పడతారు. దుమ్ము వాలితే మళ్లీ మొదటికొస్తుందని మాస్టారి తండ్రి ఎప్పుడో పెట్టిన నియమం. ఆ పాలిష్ ఘాటు గదంతా కమ్ముకుని, బాగున్నవాళ్ల కళ్లే మండుతున్నాయి.

కోడలు ఇన్‌హేలర్ మళ్లీ నోట్లో పెట్టుకుంది. నొక్కింది. చటుక్కున గాలి లాగింది. ఏమీ మారలేదు.

అప్పుడు ఆమె చేసిన పని చూడండి. ఏడవలేదు, కంగారు పడలేదు. చెయ్యెత్తి కిటికీ వైపు చూపించింది. తర్వాత బయట నిలబెట్టిన బ్యాండు వ్యాను వైపు చూపించింది. ఊపిరాడని మనిషి, ఊపిరాడుతున్న ముగ్గురికి దారి చెప్పింది.

"కిటికీ తియ్యమంటోంది. వ్యాను తియ్యమంటోంది. ఇంకా గుడ్లప్పగించి చూస్తారేంటి?" అని అత్తగారు అరిచాకే ఆ మగవాళ్లు కదిలారు.

*

క్లినిక్‌లో ముఖానికి మాస్కు పెట్టి, మందు ఆవిరిగా పట్టించారు. నెమ్మదిగా పిల్లి కూత తగ్గింది. పెదవులకు రంగు తిరిగొచ్చింది. "హమ్మయ్య," అంది అత్తగారు, ఆ ఒక్క మాటతోనే బెంచీ మీద కూలబడింది.

నర్సు పొడుగాటి మనిషి. కళ్లజోడు ఎప్పుడూ తల మీదే ఉంటుంది కానీ కళ్ల మీదకు రాదు. ఆవిడ కోడలి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంట్లో ఇన్‌హేలర్ ఎలా తీసుకుంటారో ఒకసారి చూపించండి. ఇది ఖాళీది, మందు లేదు. నేనేమీ అనను."

కోడలు తీసుకుంది. మూత తీసింది. పెదవులు బిగించింది. నొక్కుతూనే చటుక్కున ఒక్క లాగు లాగి, వెంటనే వదిలేసింది.

నర్సు ఆ ఖాళీ ఇన్‌హేలర్ వెనక్కి తీసుకుంది. "మీరేం చేస్తుంటారు?" అంది.

"ట్రంపెట్ ఊదుతానండీ. మామయ్య గారి బ్యాండులో."

"అదీ సంగతి," అంది నర్సు.

ఏది సంగతో మీకూ నాకూ తెలియాలంటే ఈ ఇంటి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఈ ఇంట్లో గాలి పీల్చడం ఒక దొంగతనం. స్వరానికీ స్వరానికీ మధ్య దొరికిన సందులో చటుక్కున లాగెయ్యాలి. చూసేవాడికి తెలియకూడదు, వినేవాడికి వినపడకూడదు. ఆ తర్వాత ఆ గుక్కని పొదుపుగా, బారుగా బయటికి వదలాలి. దాన్నే బ్యాండు గుక్క అంటారు. మాస్టారు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, ఇంట్లో అడుగుపెట్టిన కోడలికి నేర్పాడు. ఆమెకి మొదటిసారి ఇన్‌హేలర్ తెచ్చినప్పుడు అది ఎలా పీల్చాలో చూపించింది కూడా ఆయనే. గాలి విషయంలో ఆయన్ని మించినవాడు ఎవడున్నాడని, డబ్బాలో వచ్చిన కాగితం మీద ఏం రాసుందో కూడా ఎవరూ చూడలేదు.

"అంత జోరుగా లాగితే మందంతా గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోతుందమ్మా," అంది నర్సు. "ఛాతీలోకి దిగదు. పైగా వెంటనే వదిలేస్తున్నారు. ఉన్న కాస్తా బయటికి పోతుంది."

"అంటే ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ గొంతుకి వైద్యం చేసుకున్నారు."

మాస్టారు గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. ముక్కుమీద కోపం మనిషి. "గాలి లాగడం మాకు నేర్పుతారా అమ్మా?" అన్నాడు.

"ఊదడం గురించి నాకు అక్షరం తెలియదు మాస్టారూ. మీ బ్యాండు వీధిలో వెళ్తుంటే పని ఆపుకుని బయటికొచ్చి వింటాను. కానీ దీంతో ఊదేది లేదు, పీల్చేదే ఉంది. ఇదిగో చూడండి. ముందు బాగా ఊపండి. తర్వాత ఊపిరి మొత్తం బయటికి వదిలెయ్యండి, ఇందులోకి కాదు, పక్కకి. పెదవులు మూసి, మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, అప్పుడు నొక్కండి. పీలుస్తూనే ఉండండి. వేడి పాలు చప్పరిస్తామే, అంత నిదానంగా. నిండాక అలాగే పట్టుకుని, లోపల పది అంకెలు లెక్కపెట్టుకుని వదలండి."

మాస్టారికి దగ్గొచ్చింది. "ఆ పాలిష్ ఘాటు ఇంకా గొంతులోనే ఉంది," అని గొణుక్కుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు. కొడుకు ఆయన వెంట వెళ్లాడు.

నర్సు ఒక ప్లాస్టిక్ గొట్టం తీసింది. ఒక చివర ఇన్‌హేలర్ పడుతుంది, రెండో చివర నోరు పడుతుంది. "దీన్ని స్పేసర్ అంటారు. ఇది ఉంటే నొక్కడం, పీల్చడం సరిగ్గా కలవకపోయినా ఫరవాలేదు. మందు ఇందులో ఆగుతుంది, మీరు తీరిగ్గా పీల్చుకుంటారు. సరే, గోధుమరంగు ఇన్‌హేలర్ కూడా రాసిచ్చాం కదా. రోజూ తీసుకుంటున్నారా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు నేల వైపు చూసింది.

"అది అద్దాల బీరువాలో ఉందండీ," అంది అత్తగారు.

"బీరువాలో ఎందుకు?"

"మంచి మందు కదా అని. బ్యాండుకి వచ్చిన కప్పులూ మెడల్సూ పెట్టే బీరువా అది. అక్కడైతే భద్రంగా ఉంటుందని. బాగా ఎక్కువైనప్పుడు తీసి వాడొచ్చు కదా అని..."

కోడలు చెయ్యి చాచి అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. "నాకు బాగున్నప్పుడు నేనే వద్దనేదాన్నండీ. అత్తయ్యది కాదు తప్పు."

నాకు ఈ పిల్ల అంటే ఎందుకింత ఇష్టమో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. క్లినిక్ మంచం మీద, సగం ఊపిరితో కూడా, అత్తగారి పరువు కాపాడింది.

"తప్పొప్పులు కాదు," అంది నర్సు. "నీలంది మంటని ఆర్పేది. గోధుమరంగుది అసలు మంట పుట్టకుండా చూసేది. అది బాగున్నా వాడాలి, బాగాలేకపోయినా వాడాలి. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి."

వెళ్లబోయే ముందు డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, కానీ నిదానం తెలిసినవాడు. ఛాతీ విన్నాడు. ఆదివారం సంగతి విన్నాడు. ఊళ్లో కొత్త వంతెన తెరుస్తున్నారు. మాస్టారి బ్యాండు ముందు నడిచి వంతెన మధ్యలో ఆగుతుంది. అక్కడ ఒంటరి ట్రంపెట్ 'పిలుపు' ఊదాలి. గుక్క తిప్పుకోకుండా ఒక్క ఊపిరిలో సాగే స్వరం అది. అది విన్నాకే జనం వంతెన ఎక్కుతారు. ఏ కార్యక్రమంలోనైనా మాస్టారే ఊదే ఆ పిలుపుని, ఈసారి ఎవరూ అడక్కుండానే కోడలికి ఇచ్చాడు.

"ఊదొచ్చా అండీ?" అంది కోడలు. ఆ రెండు మాటల్లోనే ఆమె ప్రాణమంతా ఉంది.

"ఆస్తమా ఉన్నవాళ్లు ఊదకూడదని ఎక్కడా లేదు. కానీ అదుపులో ఉండాలి." ఆయన చిన్న గొట్టంలాంటి మీటరు ఒకటి ఇచ్చాడు. దాని మీద అంకెలు, పక్కన జరిగే ఒక ముల్లు. "ఇందులో ఒక్క ఊదు ఊదితే ముల్లు జరుగుతుంది. మీ ఊపిరి ఎంత జోరుగా బయటికి వస్తోందో చెబుతుంది. శనివారం దాకా రోజూ పొద్దునా సాయంత్రం చూసుకోండి. ముల్లు ఈ ఆకుపచ్చ గీత దాటుతూ ఉంటే, ఇక్కడికొచ్చి నాకొకసారి కనబడి, వెళ్లి హాయిగా ఊదండి. దాటకపోతే వద్దు."

నర్సు దాన్ని కోడలి చేతిలో పెడుతూ, చిన్నగా నవ్వి ఒక మాట చేర్చింది. "మీ బాకావాళ్లకి ఒక అలవాటుంది. 'తూ' అని నాలుకతో కొట్టి మొదలుపెడతారు. ఇందులో అలా చెయ్యకండి. నాలుకతో కొడితే ముల్లు అబద్ధం చెబుతుంది. నోరు తెరిచి, గుండెల్లోంచి, హా అని ఒక్కసారి వదలాలి."

ఆ మాట విన్నది కోడలూ, అత్తగారూ. మాస్టారు వరండాలో ఉన్నాడు.

*

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గరే మొదలైంది.

"ఆదివారం పిలుపు నేనే ఊదుతాను," అన్నాడు మాస్టారు, ఎవరి ముఖమూ చూడకుండా. "నాయకుడి కోటు మళ్లీ నా కొలతకి మార్చు."

బ్యాండుకి కావలసిన బట్టలన్నీ అత్తగారే కుడుతుంది. భుజాల మీద బంగారు జరీ ఉన్న ఆ ఎర్రకోటు, వెనకటి వారమే విప్పి కోడలి కొలతకి బిగించింది. సూది ఇంకా దాని కాలరుకే గుచ్చి ఉంది.

"విప్పి కుట్టమన్నారు, కుట్టాను. ఇప్పుడు కుట్టింది విప్పమంటున్నారు. ఆ కోటుకి నోరుంటే మీతో మాట్లాడ్డం మానేసేది," అంది.

"నాన్నా, డాక్టరు ఊదొచ్చన్నాడు కదా," అన్నాడు కొడుకు. పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. ఇంట్లో ఊపిరితో పనిలేకుండా సంపాదించేది అతనొక్కడే. అందుకని అందరూ అతన్ని 'డ్రమ్ము' అనే పిలుస్తారు.

"డాక్టరు నిన్న ఆ కుర్చీలో దీన్ని చూడలేదు. నేను చూశాను."

"నేనూ చూశాను. నా పెళ్లాం కాదా?"

"నువ్వు డ్రమ్ము వాయిస్తావు. నీకేం తెలుసు మధ్యలో గాలి ఆగిపోతే ఎలా ఉంటుందో?"

ఆ మాట అన్నాక ఆయన చప్పున ఆగిపోయాడు. చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఎవరికీ ఏమీ తట్టలేదు. కోపంలో ఏదో అన్నాడనుకున్నారు.

"మామయ్యా," అంది కోడలు. "నేను ఊదలేనని మీరనుకుంటే, అది చెప్పండి. వింటాను. నాకు జబ్బుందని ఊదొద్దంటే మాత్రం వినను."

"రెండూ ఒకటే."

"కాదు. జబ్బు ఉండటం ఒకటి, అది నా నెత్తినెక్కి కూర్చోవడం ఒకటి. శనివారం దాకా టైము ఇవ్వండి. ముల్లు గీత దాటకపోతే, నేనే ఆ కోటు విప్పి మీ చేతికిస్తాను."

మాస్టారు లేచి వెళ్లిపోయాడు. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఒకసారి ఆగాడు. వాచీ చూసుకుంటున్నట్టు చెయ్యెత్తాడు. ఆయన చేతికి వాచీ లేదు.

*

ఆ తర్వాత ఆ ఇల్లు ఎలా మారిందో చెప్పాలంటే నాకు ఉత్సాహం ఆగదు.

ముందు అత్తగారు. క్లినిక్ నుంచి వచ్చిన సాయంత్రమే అద్దాల బీరువా తెరిచి, కప్పుల వెనక నుంచి గోధుమరంగు ఇన్‌హేలర్ తీసింది. దాన్ని తీసుకెళ్లి స్నానాలగది అద్దం ముందు, పళ్లపొడి పక్కన పెట్టింది. "పళ్లు తోముకోవడం ఎవరూ మర్చిపోరు కదా. ముందు ఇది పీల్చి, తర్వాత తోముకుంటే, పుక్కిలించడం దానంతటదే అయిపోతుంది," అంది. చదువుకున్నవాళ్లు నలుగురు కూర్చుని ఆలోచించినా ఇంతకంటే మంచి ఏర్పాటు చేయలేరని నా నమ్మకం.

పాలిష్ డబ్బాలు పెరట్లోకి వెళ్లిపోయాయి. మాస్టారి తండ్రి నియమాన్ని ఆవిడ ఒక్కమాటతో రద్దు చేసింది. "దుమ్ము వాలితే మళ్లీ తుడుస్తాం. మనిషి పడిపోతే ఏం చేస్తాం?" కొడుకు పెరట్లో ముక్కుకి గుడ్డ కట్టుకుని ఇత్తడి తోముతుంటే, ఇరుగుపొరుగు దొంగేమోనని తొంగి చూశారు.

స్పేసర్ సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికే ఆరబెట్టాలని నర్సు చెప్పింది. అది వంటింటి కిటికీలో గరిటెల మధ్య ఆరుతుండేది. డ్రమ్ము ఒకరోజు దాన్ని గరాటు అనుకుని నూనె వంపబోయాడు. తల్లి చేతిలో దెబ్బ తిన్నాడు.

అన్నిటికంటే కష్టం కోడలిది. ఊదడం కొత్తగా నేర్చుకోవడం తేలిక. ఎప్పటినుంచో ఒంట్లో పాతుకుపోయిన గుక్కని మార్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మొదటిరోజు స్పేసర్ నోట్లో పెట్టుకోగానే అలవాటు కొద్దీ చటుక్కున లాగేసింది. గొట్టం కీచుమంది. జోరుగా లాగితే కూత పెట్టే ఏర్పాటు దాంట్లోనే ఉంది.

"మళ్లీ దొంగతనం చేశావు," అన్నాడు భర్త.

"ఉండు, మాట్లాడించకు." రెండోసారి కూడా కీచుమంది. మూడోసారి ఆమె కళ్లు మూసుకుంది. నెమ్మదిగా పీల్చింది. గొట్టం కిక్కురుమనలేదు. ఛాతీ నిండేదాకా పీల్చి, అలాగే పట్టుకుంది. భర్త ఆమె వెనక కూర్చుని డ్రమ్ము అంచు మీద వేళ్లతో ఒకటి, రెండు అని లెక్క వేశాడు. పది దాకా వేసి ఆపాడు. ఆమె వదిలింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అప్పటినుంచి ఆ లెక్క వెయ్యడం అతని పని అయిపోయింది.

ఒక మధ్యాహ్నం రిహార్సలు మధ్యలో ఆమెకు ఛాతీ కొంచెం పట్టేసింది. ఇదివరకైతే గోడ చాటుకి వెళ్లేది. ఊపిరి తక్కువదని తెలిస్తే పరువు పోతుందని భయం. ఈసారి ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుని, అందరి ఎదుటా నీలం ఇన్‌హేలర్ ఊపి, స్పేసరుకి తగిలించి, తీరిగ్గా పీల్చింది. క్లారినెట్ వాయించే పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నీళ్లు తాగినట్టే ఉంది, ఇందులో ఏముంది," అన్నాడు. అంతే. పోతుందనుకున్న పరువు ఎక్కడికీ పోలేదు.

మాస్టారు మాత్రం ఆ రిహార్సలంతా కర్ర పట్టుకుని తాళం చూపించాడే కానీ, ట్రంపెట్ పెదవులకు ఆనించలేదు. "నా పిలుపు నాకు రాకపోవడం ఏంటి, రిహార్సలు ఎందుకు," అన్నాడు.

*

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కోడలు అందరి మధ్యా నిలబడి మీటరులో ఊదింది. ముల్లు ఆకుపచ్చ గీత దాటి, ఇంకాస్త పైకి వెళ్లి ఆగింది. రోజు రోజుకీ కొంచెం కొంచెం జరుగుతూ వచ్చిన ముల్లు అది.

"చూశారా," అంది అత్తగారు, తనే ఊదినట్టు. "సాయంత్రం డాక్టరుకి కనబడి వచ్చేస్తే అయిపోయింది."

"ఏదీ, ఇటివ్వు," అని డ్రమ్ము మీటరు లాక్కున్నాడు. కోడలు దాని మూతి మార్చి ఇచ్చింది. అతను హా అని వదిలితే ముల్లు ఎక్కడికో వెళ్లి కొట్టుకుంది. "అమ్మా, ఇన్నేళ్లూ డ్రమ్ము వెనక నన్ను దాచేశారు. నేను ట్రంపెట్ వాణ్ని."

"నీకు గాలి ఎక్కువని చిన్నప్పటినుంచీ తెలుసు. మాటల్లోనే కనిపిస్తుంది," అంది తల్లి. కోటు తీసుకుని పక్కగదిలో కుట్టుమిషను దగ్గరకు వెళ్లింది.

"నాన్నా, నువ్వు ఊదు. అసలు గాలి అంటే ఎలా ఉంటుందో ఈ డబ్బాకి చూపించు."

"పిల్లలాట," అన్నాడు మాస్టారు.

"భయమా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాస్టారు మీటరు అందుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. భుజాలు దించాడు. పెదవులు బిగించి, 'తూ' అని కొట్టాడు. ముల్లు గీత మీద నుంచి దూకి చివరిదాకా పరిగెత్తింది.

కొడుకు చప్పట్లు కొట్టాడు. "అదీ మా నాన్నంటే."

మాస్టారు మీటరు బల్ల మీద పెట్టేశాడు. ఆ ముఖంలో గర్వం లేదు. గండం గడిచిన మనిషి ముఖంలా ఉంది. కోడలు ఆ ముఖాన్నే చూస్తోంది.

చూసీచూడనట్టు ఊరుకోవచ్చు. కోడళ్లకి అదే సుఖం. పైగా ఈ మనిషే తనకి పీల్చడం దగ్గర్నుంచి ఊదడం దాకా అన్నీ నేర్పిన మనిషి. ఆమె కాసేపు చేతులు నలుపుకుంది. తర్వాత ముల్లుని కిందికి జరిపి, మీటరు ఆయన ముందు పెట్టింది.

"మామయ్యా, నాలుక వాడారు. మళ్లీ ఊదండి."

"ఏంటి?"

"నాలుకతో కొడితే ముల్లు అబద్ధం చెబుతుందట. నోరు తెరిచి, హా అని వదలండి."

డ్రమ్ము నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు. పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది.

"నన్ను పరీక్షిస్తున్నావా అమ్మాయ్?"

"అవును మామయ్యా," అంది కోడలు. "పిలుపు నాకెందుకిచ్చారు? మీరు ఊదగలిగి ఉంటే, ఎవరూ అడక్కుండా నాకెందుకిచ్చారు?"

ఆయన ఆ మీటరు వైపు చూశాడు. తర్వాత తీసుకున్నాడు. నోరు తెరిచి, నాలుక లేకుండా, ఊపిరి వదిలాడు.

ముల్లు కదిలింది. కోడలి గీత దాకా కూడా రాలేదు. ఆయన ఆమెకంటే ఎంతో ఎత్తు, ఛాతీలో పట్టే గాలి కూడా ఆయనకే ఎక్కువ. ఆయన ముల్లు ఆమె ముల్లుని దాటి ఎక్కడో ఉండాలి. మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది పాడైనట్టుంది," అన్నాడు.

కోడలు దాన్ని మళ్లీ ఊది చూపించలేదు. చూపించి ఉంటే ఆయన ఓడిపోయేవాడు. ఆయన్ని ఓడించడానికి ఆమె ఈ పని చెయ్యలేదు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?" అన్నాడు డ్రమ్ము. నవ్వులాట అంతా పోయింది అతని గొంతులోంచి.

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. అత్తగారు ఎర్రకోటు చేతిమీద వేసుకుని నిలబడి ఉంది.

"ఎండాకాలం నుంచి. పొద్దున్నే స్నానాలగదిలోకి వెళ్లి, కొళాయి మొత్తం తిప్పి, దగ్గుతారు. నీళ్ల చప్పుడుకి నాకు వినపడదనుకుంటారు."

మాస్టారు తలెత్తి భార్యను చూశాడు. "నీకు తెలుసా?"

"మీ ఊపిరి పక్కన ఇన్నేళ్లు పడుకున్నదాన్ని. నాకు తెలియకపోవడమేంటి? మీరే చెబుతారని చూశాను." ఆవిడ కళ్లు తడిశాయి, కానీ మాట గట్టిగానే ఉంది. "ఆ రోజు ఈ పిల్ల కుర్చీలో గిలగిల్లాడుతుంటే, మీరు దాన్ని చూసి భయపడలేదు. రేపు మీరే అలా అవుతారేమోనని భయపడ్డారు. మీ గాలికేమీ కాలేదని చూపించుకోవడానికే దాని పిలుపు లాక్కున్నారు."

"లాక్కోలేదు," అన్నాడు మాస్టారు, బాగా మెల్లగా. "దానికేమన్నా అయితే... వంతెన మీద, అంతమంది ముందు... నాకైతే ఫరవాలేదనుకున్నాను."

కోడలికి ఆ మాటతో దుఃఖం ఆగలేదు. ఇన్ని రోజులూ ఆయన తనని అవమానించాడనే అనుకుంది. ఆయన తన గాలి సంగతి తెలిసీ, ఆమెకి బదులు తను పడిపోవడానికి సిద్ధపడ్డాడు. మొండితనంలో కూడా ఇంత ప్రేమ పెట్టుకోగలిగినవాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

ఆమె నీలం ఇన్‌హేలర్ వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. అది తనకి రాసిచ్చిన మందు. ఆయనకి ఏం కావాలో చెప్పవలసినవాళ్లు వేరే ఉన్నారు. "క్లినిక్ సాయంత్రం దాకా ఉంటుంది. నాతో పాటు మీరూ రండి మామయ్యా."

డ్రమ్ము అప్పటికే వ్యాను తాళాల కోసం వెతుకుతున్నాడు.

అత్తగారు బల్ల దగ్గరకొచ్చి ఎర్రకోటు పరిచింది. రెండు భుజాల కుట్లూ విప్పేసి ఉన్నాయి. జరీ ఒక పక్కకి వేలాడుతోంది. మెడలో టేపు, చేతిలో కత్తెర.

"ఆదివారం రేపే. పొద్దున్నే బ్యాండు కదలాలి. ఇంతకీ ఈ కోటు ఎవరి కొలతకి కుట్టను?"

మాస్టారు కోటు వైపు చూశాడు. కోడలి వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరి పేరూ చెప్పలేదు. చెయ్యి చాచి, బల్ల మీద ఉన్న ఖాళీ స్పేసర్‌ని మెల్లగా అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎప్పుడూ ఊదని కొత్త వాయిద్యాన్ని చూసినట్టు.

"వ్యాను ఎక్కేలోపు," అన్నాడు, "పీల్చడం ఎలాగో ఒకసారి నాకు నేర్పమ్మా."